ఆ పాట ఎవరిదో కూడా వెయ్యండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో పాఠకుల చేత వాళ్లకి నచ్చిన కవర్ పాటల గురించి, అంటే ఒకరి పాటని ఇంకొకరు మళ్లీ పాడినవాటి గురించి, రాయిస్తున్నారు కదా, అది మొదలైన దగ్గర్నుంచి మా ఇంట్లో పేపరు రాగానే ముందు ఆ పేజీయే తీస్తున్నాం. ఎవరికి ఏ పాట ఎందుకు నచ్చిందో చదవడం, ఫోన్లో వెతుక్కుని వినడం, నచ్చితే చుట్టాలందరికీ పంపడం, ఆదివారం పొద్దున్నంతా దాంతోనే గడిచిపోతోంది. పోయిన వారం ఒకరు 'బ్రోచేవారెవరురా' గురించి రాశారు. ఎవరో కాలేజీ అమ్మాయి గిటార్ మీద పాడిందట. నేనూ వెతికి విన్నాను, ఆ పిల్ల నిజంగా బాగా పాడింది, గమకాల దగ్గర తొందరపడలేదు, ఎక్కడా మాట మింగలేదు. అంతా బాగానే ఉంది కానీ దాని కింద మీ వాళ్లు చిన్న అక్షరాల్లో వేసిన లైను చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. 'శంకరాభరణం సినిమా కోసం వేటూరి రాసిన పాట' అని వేశారు.

అది వేటూరిగారిది కాదండీ. మైసూరు వాసుదేవాచార్యులవారి కీర్తన, ఖమాస్ రాగం. ఆయన 1865లో పుట్టి 1961లో పోయారు, శంకరాభరణం వచ్చింది 1980లో. మైసూరు ఆస్థాన విద్వాంసుడు, ఇంట్లో మాట్లాడేది కన్నడం, పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ దగ్గర శిష్యరికం చేసి వచ్చి తెలుగులోనూ సంస్కృతంలోనూ కీర్తనలు కట్టారు. ఒక కన్నడిగుడు ఇంత చక్కని తెలుగులో రాముణ్ణి నిలదీస్తే మనం ఆయన పేరు తీసేసి సినిమా పేరు పెట్టుకున్నాం, అదీ నా బాధ. సినిమాలో కె.వి. మహదేవన్ సంగీతంలో బాలుగారు, వాణీ జయరాంగారు పాడారు. అంటే ఆ గిటారమ్మాయి పాడినదానికి అసలుదని మీరు చెబుతున్న పాటే ఒక కవర్!

శంకరాభరణంలో అలాంటివి ఇంకా ఉన్నాయి. 'మానస సంచరరే' సదాశివ బ్రహ్మేంద్రులది. 'ఏ తీరుగ నను దయ చూచెదవో', 'పలుకే బంగారమాయెనా' రామదాసువి. వేటూరిగారు ఆ సినిమాకి రాసినవి వేరే ఉన్నాయి, అవి ఆయన్ని చిరకాలం నిలబెడతాయి, ఇంకొకరి కీర్తన తెచ్చి ఆయన ఖాతాలో వేయాల్సిన అవసరం లేదు.

'పలుకే బంగారమాయెనా' సంగతి కొంచెం చెప్పుకోవాలి. నా తరం వాళ్లకి ఆ కీర్తన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గొంతులో ఇంట్లోకి వచ్చింది. విజయవాడ రేడియో, పొద్దున్న భక్తిరంజని, వంటింట్లో కాఫీ వాసన. ఆయన ఆనందభైరవిలో దాన్ని పాడితే రాముడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు, మాట్లాడటం లేదు, ఈయన కాస్త అలిగి బతిమాలుతున్నాడు, అంతే అనిపిస్తుంది. పెద్ద విద్వాంసుడు కదా అని ఎక్కడా విద్వత్తు చూపించరు, పల్లవిని మనం కూడా పాడుకోగలిగినట్టు ఉంచేస్తారు. ఆ తర్వాత కొన్నేళ్లకి శంకరాభరణంలో వాణీ జయరాంగారు అదే కీర్తన పాడారు. ఆవిడ గొంతులో అలక లేదు, దిగులు ఉంది. రాముడు అసలు వింటున్నాడో లేదో తెలియని మనిషి పాడినట్టు ఉంటుంది. రెండూ ఒకే సాహిత్యం, రెండూ ఒకే రాగం. మా ఇంట్లో ఇప్పటికీ ఏది గొప్పది అని వాదన నడుస్తుంది, నా ఓటు బాలమురళిగారికే, మా చెల్లెలు ఒప్పుకోదు. కవర్ అంటే నాకు ఇష్టం ఇందుకే. పాట అదే, పాడే మనిషి బాధ వేరు.

మీ శీర్షికలో ఇంతవరకూ ఎవరూ రాయని పాట ఒకటి నేను చెబుతాను. 'మీరజాలగలడా నా యానతి'. చెప్పగానే అందరికీ సుశీలమ్మ గుర్తొస్తుంది, 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారం, తెర మీద జమునగారు. మాది విజయనగరం, సుశీలమ్మ మా ఊరి ఆడపడుచు, కాబట్టి ఈ పాట అంటే మాకు కొంచెం ఎక్కువ గర్వం. కానీ ఈ పాట సినిమా కోసం పుట్టలేదు. ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారం నాటకంలో సత్యభామ వేషం కట్టిన స్థానం నరసింహారావుగారు స్వయంగా రాసి పాడుకున్న పాట ఇది. స్థానం వారు బాపట్లలో పుట్టారు, తెనాలి రామవిలాస సభ నాటకాల్లో ఆడవేషాలు కట్టారు. సత్యభామగా, చింతామణిగా, చిత్రాంగిగా, మధురవాణిగా ఆయన రంగం మీదకి వస్తే నిజంగా ఆడమనిషే అనుకుని పందెం కాసి ఓడిపోయిన వాళ్ల కథలు మా పెద్దవాళ్లు చెప్పేవారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి.

ఒక మగవాడు ఆడదాని అహంకారాన్ని ఊహించి రాసుకున్న పాట, సొంత గొంతుతో స్టేజీ మీద వన్స్‌మోర్లు కొట్టించుకున్న పాట, దశాబ్దాల తర్వాత ఒక ఆడమనిషి గొంతులోకి వెళ్లింది. ఇంతకన్నా పెద్ద కవర్ మనకి ఏముంది చెప్పండి. నాటకంలో అయితే హార్మోనియం పక్కన ఉంటుంది, చివరి బెంచీ వాడికి వినిపించాలి, కాబట్టి గొంతు ఎత్తి పాడాలి, రాగం సాగదీయాలి. సినిమాలో మైకు నోటి ముందే ఉంటుంది. సుశీలమ్మ ఆ తేడా పట్టుకున్నారు. 'మీరజాలగలడా' దగ్గర గొంతు పెంచరు. పెద్దింటి ఆడవాళ్లు కోపం వచ్చినా గట్టిగా అరవరు చూడండి, అలా మెల్లిగానే అంటారు, కృష్ణుడు నా మాట దాటి పోగలడా అని. 'నా యానతి' దగ్గర 'నా' మీద ఒక్క రవ్వ బరువు వేస్తారు. సత్యభామ మొత్తం ఆ ఒక్క అక్షరంలో ఉంది. ఈసారి విన్నప్పుడు అక్కడ జాగ్రత్తగా వినండి. పెండ్యాలగారు కూడా సంగీతంలో నాటకం వాసన పూర్తిగా పోనివ్వలేదు, సినిమా సోకు మరీ ఎక్కించలేదు, దానికి ఆయనకి దణ్ణం పెట్టాలి.

ఈ పాటకి నేను విన్న ఇంకో కవర్ ఏ చానల్లోనూ దొరకదు. మా ఊళ్లో దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది, ఆ రోజుల్లో బ్యాండు మేళాలు ఊరంతా తిరుగుతూనే ఉంటాయి. ఒక ఏడాది మా వీధి మొగలో ఒక మేళం ఆగింది. డ్రమ్ముల వాళ్లు టీలు తాగుతున్నారు, క్లారినెట్ వాయించే పెద్దాయన ఒక్కడే అరుగు మీద కూర్చుని, రీడు నాలికతో తడుపుకుని, 'మీరజాలగలడా' మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు, ఎవరికోసమూ కాదు. నేను గమనించింది ఏమిటంటే, ఆయన ఊపిరి తీసుకోవడం మాట పూర్తయ్యే చోటే తీసుకుంటున్నాడు. 'మీరజాలగలడా' మొత్తం ఒక ఊపిరి, 'నా యానతి' ఇంకో ఊపిరి. క్లారినెట్లో మాటలు ఎక్కడివి, మాట మధ్యలో గాలి పీల్చుకున్నా అడిగేవాడు ఎవడు. కానీ ఆయనకి సాహిత్యం తెలుసు, లోపల పాడుకుంటూ వాయిస్తున్నాడు. అయ్యాక నేను వెళ్లి సుశీలమ్మ పాట బాగా వాయించారండీ అంటే, 'సుశీలమ్మది కాదమ్మా, స్థానం వారిది, మా నాయన నాటకాలకి హార్మోనీ వేసేవాడు' అన్నాడు. పాట ఎవరిదో తెలుసుకుని వాయించేవాడి చేతిలో అది ఎలా ఉంటుందో నాకు ఆ రోజు అర్థమైంది.

ఇప్పుడు మన కచేరీల సంగతి. ఈమధ్య ఒక పాట కచేరీకి వెళ్లాను, ఎవరు పెట్టారన్నది ఇక్కడ అనవసరం. యాంకరమ్మ మైకు పట్టుకుని 'ఇప్పుడు మనం వినబోయేది అన్నగారి పాట' అంది, తర్వాతది 'అక్కినేనివారి పాట', ఆ తర్వాతది 'మెగాస్టార్ పాట'. కచేరీ మొత్తంలో పాట రాసినవాళ్ల పేరు ఒక్కటంటే ఒక్కటి రాలేదు, బాణీ కట్టినవాళ్లది రాలేదు. 'శివశంకరీ శివానందలహరి' పాడిన కుర్రాడు చెమటలు కక్కి పాడాడు, అయినా అది 'ఎన్టీఆర్ పాట' అయిపోయింది. జగదేకవీరుని కథ, 1961, రాసింది పింగళి నాగేంద్రరావు, బాణీ పెండ్యాల నాగేశ్వరరావు, పాడింది ఘంటసాల. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి పది సెకన్లు పట్టదు. ఎన్టీఆర్ తెర మీద అన్ని రూపాల్లో కనిపించి వాయిద్యాలు వాయించినట్టు అద్భుతంగా నటించారు, నేను కాదనను. కానీ నిలయ విద్వాంసుడి నుంచి నిన్న మొన్నటి కుర్రాడి దాకా కష్టపడి నేర్చుకుంటున్నది ఘంటసాలవారి గొంతులోని పాటని. ఆ ఘంటసాలగారు మా ఊరి మహారాజా సంగీత కళాశాలలో చదువుకోడానికి వచ్చి, మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని తిని, సంగీతం నేర్చుకున్న మనిషి. ఆయన చదువుకున్న ఊళ్లో ఆయన పేరు చెప్పకుండా ఆయన పాట పాడించేస్తే మనసు చివుక్కుమనదా?

వీడియోల్లో పరిస్థితి ఇంకో రకం. పిల్లలు ఎంతో ముచ్చటగా కవర్లు చేస్తున్నారు, గిటార్, కహోన్, కీబోర్డు, వయొలిన్, చూడ్డానికే హాయిగా ఉంటుంది. కింద వివరాలు చదవండి ఒకసారి. కెమెరా ఎవరు, ఎడిటింగ్ ఎవరు, మిక్సింగ్ మాస్టరింగ్ ఎవరు, డ్రోన్ ఎవరు ఎగరేశారు, పోస్టర్ ఎవరు వేశారు, బట్టలు ఎవరిచ్చారు, లొకేషన్ ఇచ్చిన కాఫీ షాపు ఏది, అన్నీ ఉంటాయి. ఉండాలి కూడా, పనిచేసిన ప్రతివాడి పేరూ ఉండాలి. కానీ చాలావాటిలో ఆ పాట రాసినాయన పేరు ఉండదు! డ్రోన్ ఎగరేసిన అబ్బాయికి దొరికిన చోటు ఆత్రేయగారికి దొరకదు.

బాలుగారు ఉండగా ఈ విషయంలో ఒక కట్టుబాటు ఉండేది. ఈటీవీలో 'పాడుతా తీయగా' 1996లో మొదలైంది, నిజానికి ఆ కార్యక్రమం అంతా కవర్లే కదా, పాత పాటలు కొత్త పిల్లలు పాడటం. ఏ పాట, ఏ సినిమా, ఎవరు రాశారు, ఎవరు స్వరపరిచారు, ఇవన్నీ వచ్చాకే పాట. తర్వాత ఆయన ఆ పాట వెనక కథ చెప్పేవారు, 'శ'కి 'స' పలికితే ఆపి దిద్దేవారు. ఆ కార్యక్రమం పేరే మూగమనసులు కోసం ఆత్రేయగారు రాసిన పాటలోది. ఆ పిల్లల్లో చాలామంది తర్వాత సినిమాల్లో పాడారు, ఆ అలవాటు వాళ్లలో ఇప్పటికీ కనబడుతుంది, స్టేజీ ఎక్కితే ముందు కవి పేరు చెబుతారు. ఆయన పోయిన 2020 తర్వాత ఆ బాధ్యత ఎవరి మీదా లేకుండా పోయింది. పత్రికలన్నా తీసుకోవాలి.

ఒక విషయం నన్ను చాలా కాలంగా తొలుస్తోంది. కవర్ ఎంత బాగుంటే అసలు మనిషి పేరు అంత తొందరగా చెరిగిపోతోంది. నాసిరకంగా పాడినదాన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి దానివల్ల ఎవరికీ నష్టం లేదు. గొప్పగా పాడినప్పుడే చిక్కు. శంకరాభరణం అంత గొప్పగా ఉంది కాబట్టే వాసుదేవాచార్యులు వెనక్కి పోయారు. సుశీలమ్మ అంత బాగా పాడారు కాబట్టే స్థానం వారు వెనక్కి పోయారు. ఇంచుమించు శంకరాభరణం కాలంలోనే గౌతం ఘోష్ తీసిన 'మా భూమి' వచ్చింది. అందులో 'బండెనక బండి కట్టి' గద్దర్ గొంతులో వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఎవర్ని అడిగినా గద్దర్ పాట అంటారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆ పాట కట్టింది బండి యాదగిరి. నైజాం పాలన మీద తిరగబడ్డ రోజుల్లో పుట్టిన పాట అది. అదే సినిమాలో వచ్చే 'పల్లెటూరి పిల్లగాడా' సుద్దాల హనుమంతుగారిది. వాళ్లు పేరు కోసం రాయలేదు, నిజమే. అలాగని పేరు ఎగ్గొట్టడం మనకి న్యాయమా?

పాతవాళ్లు ఈ ప్రమాదం ముందే ఊహించారేమో అనిపిస్తుంది. త్యాగరాజస్వామి ప్రతి కీర్తన చివరా 'త్యాగరాజ' అని తన పేరు కలిపేశారు. రామదాసు అంతే. క్షేత్రయ్యకి మువ్వగోపాలుడు ఉన్నాడు. 'బ్రోచేవారెవరురా' చరణంలో కరిరాజుని కాపాడిన వాసుదేవుడివి నువ్వే కదా అని వస్తుంది చూడండి, అది ఆచార్యులవారి ముద్ర. దేవుడి పేరూ అదే, ఆయన పేరూ అదే, పాడినవాడు పాట మొత్తం పాడితే చాలు, కర్త పేరు దానంతట అదే వినబడుతుంది. ముద్ర ఉన్న కీర్తనకే మనం వేటూరిగారి పేరు తగిలించామంటే, ఇక ముద్ర లేనివాటి గతేమిటి? సినిమా కవికి ఆ వీలు లేదు. చివరి చరణంలో 'ఆత్రేయ' అనో 'సిరివెన్నెల' అనో పెట్టుకోడానికి హీరో ఒప్పుకోడు, కథ ఒప్పుకోదు. వాళ్ల ముద్ర మనమే వెయ్యాలి, పాడే ముందు చెప్పాలి, పంపేటప్పుడు రాయాలి.

అన్నమయ్య దగ్గర ఈ గొడవ తిరగబడుతుంది. సాహిత్యం ఆయనదే, రాగిరేకుల మీద దొరికింది, రేకుల మీద రాగం పేరు ఉంది కానీ స్వరం లేదు. మనం ఈరోజు వింటున్న బాణీల్లో చాలావరకు నిన్న మొన్నటివి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, బాలమురళిగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, బాలకృష్ణప్రసాద్‌గారు, వీళ్లంతా కూర్చుని కట్టినవి. 'నానాటి బతుకు నాటకము' రేవతి రాగంలో కట్టింది నేదునూరివారు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడి దేశమంతా వినిపించారు. ఇప్పుడు దాన్ని ఎవరు పాడినా 'అన్నమయ్య కీర్తన' అని ఒక్క ముక్క వేసి వదిలేస్తారు. వాళ్లు పాడుతున్నదాంట్లో సగం నేదునూరివారిది. ఆయనా మా విజయనగరం కళాశాల విద్యార్థే, అందుకని ఇంకాస్త గట్టిగా అడుగుతున్నాను అనుకోండి, ఫరవాలేదు.

ఒకే బాణీ భాషలు మారుతూ తిరగడం కూడా నాకు ఇష్టమైన సంగతి. ఇళయరాజాగారి బాణీ ఒకటి ఉంది. 1982లో మలయాళంలో ఓలంగళ్ సినిమాకి ఓ.ఎన్.వి. కురుప్ రాస్తే జానకమ్మ 'తుంబీ వా' అని పాడారు. అదే బాణీకి నిరీక్షణ కోసం ఆత్రేయగారు 'ఆకాశం ఏనాటిదో' రాశారు, అదీ జానకమ్మే పాడారు. రెండు సినిమాలూ దర్శకుడు బాలు మహేంద్రవే. 2009లో హిందీ 'పా'లో మళ్లీ అదే బాణీ. వరసగా మూడూ వినండి. మలయాళం పాటలో తూనీగని పిలుస్తూ చిన్నపిల్లల లోకం, ఆత్రేయగారు అదే స్వరాల మీద ఆకాశం వయసు ఎంతో ప్రేమ వయసు అంత అని కూర్చోబెట్టారు. స్వరం ఒక్కటి కూడా మార్చకుండా పాట వయసు మార్చేశాడాయన! ఇది ఆత్రేయ అని తెలిస్తేనే కదా ఆ చమత్కారం తెలిసేది. పేరు లేకుండా వింటే 'బాగుంది' అనుకుని వేలితో పైకి తోసేస్తాం.

అనుకరణ గురించి కూడా ఒక మాట. ఘంటసాలగారి గొంతు అచ్చం దించేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, ఆయన పుట్టిన డిసెంబరు 4కీ పోయిన ఫిబ్రవరి 11కీ వాళ్ల కచేరీలకి నేను తప్పకుండా వెళతాను, వాళ్ల భక్తి గొప్పది. కానీ నచ్చిన కవర్ చెప్పమంటే వాటిని చెప్పలేను. దగ్గు కూడా ఆయనలాగే దగ్గితే నేను ఆయన రికార్డే వినొచ్చు కదా. కొత్తగా పాడేవాడు తన గొంతు తెచ్చుకోవాలి. అలాగని పాటని తలకిందులు చేసి, మధ్యలో డప్పులు ర్యాప్పులు దూర్చి, సాహిత్యంలో రెండు లైన్లు ఎగరగొట్టి 'మా వెర్షన్' అంటే ఒప్పుకోను. ముఖ్యంగా రెండో చరణం తీసేయడం మీద నాకు చాలా కోపం. కవి చెప్పాలనుకున్నది ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది. మూడు నిమిషాల వీడియోకి నిడివి ఎక్కువైందని రెండో చరణం కోసేస్తే కవి నోరు నొక్కినట్టే.

చట్టం గురించి కూడా పాడే పిల్లలకి మీ పేజీలో ఒకసారి చెబితే బాగుంటుంది. మన 1957 కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ చేసినప్పుడు కవర్ రికార్డింగులకి 31సి అని విడిగా ఒక సెక్షన్ పెట్టారు. మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు ఆగాలి, ముందుగా తెలియజేసి రాయల్టీ కట్టాలి, అసలు పాడినవాళ్లదే అని జనం పొరబడేలా అట్ట వేయకూడదు, ఇది కవర్ అని దాని మీద రాయాలి, సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప పాటలో మార్పులు చేయకూడదు. ఇంకోటి సెక్షన్ 57. పాట హక్కులు ఎవరికి అమ్మేసినా సరే, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు రాసినవాడి దగ్గరే ఉంటుంది. డబ్బు గొడవలు వేరు, 2017లో ఇళయరాజాగారు సాక్షాత్తూ బాలుగారికే నోటీసు పంపినప్పుడు ఎంత రభస అయిందో అందరికీ తెలుసు, అందులో ఎవరిది న్యాయం అని నేను ఇక్కడ తేల్చలేను. ఇంట్లో కూర్చుని సరదాగా పాడి పెట్టే పిల్లల్ని ఎవరూ బెదిరించకూడదనే నా కోరిక. పేరు రాయడానికి మాత్రం పైసా ఖర్చు కాదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కాబట్టి నేను అడిగేది ఇదీ. ఒకటి, 'బ్రోచేవారెవరురా' మీద వచ్చే ఆదివారం సవరణ వెయ్యండి, ఎక్కడో మూల కాకుండా అదే శీర్షికలో, అదే చోట. రెండు, ఇకనుంచి పాఠకులు ఏ పాట గురించి రాసినా కింద అయిదు వివరాలు ఉండేలా చూడండి. రాసినవారు, బాణీ కట్టినవారు, మొదట పాడినవారు, ఎక్కడ ఎప్పుడు వచ్చింది, ఇప్పుడు పాడినవారు. పాఠకుడికి తెలియకపోతే మీ వాళ్లు కనుక్కుని వెయ్యండి, దొరక్కపోతే 'తెలిసినవారు రాయండి' అని వెయ్యండి. అలా అడిగితే చాలు, ఊరూరా నాటకాల వాళ్ల పిల్లలు, రేడియోలో పనిచేసి రిటైరైనవాళ్లు, భజన బృందాల వాళ్లు, అమెరికాలో ఉండి పాత రికార్డులు పోగేసేవాళ్లు, ఎంతమంది రాస్తారో మీరే చూస్తారు. ఈ సమాచారం అంతా వాళ్ల బుర్రల్లో ఉంది, అడిగేవాళ్లు లేరు.

మీ శీర్షికకి నా వంతు పాట కూడా ఇక్కడే ఇస్తున్నాను, జాగా ఉంటే వేసుకోండి.

మీరజాలగలడా నా యానతి. రాసినది, రంగస్థలం మీద మొదట పాడినది స్థానం నరసింహారావు. నాటకం శ్రీకృష్ణ తులాభారం, నాటకకర్త ముత్తరాజు సుబ్బారావు. సినిమాలో పాడినది పి. సుశీల, సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు, 1966. నాకు నచ్చిన కవర్, విజయనగరం సిరిమానోత్సవంలో వీధి మొగన ఆగిన బ్యాండు మేళంలోని క్లారినెట్. ఆ పెద్దాయన పేరు నేను అడగలేదు. ఆ మేళాల వాళ్లెవరైనా ఈ ఉత్తరం చదివితే ఆయన పేరు మీ పత్రికకి రాయమని కోరుతున్నాను, అయిదో వివరం ఖాళీగా ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం